చెరిపేసిన ఆరక్షరాలు

నేను ఒక కీబోర్డుని. నూట నాలుగు మీటలు, నెత్తిన మూడు పచ్చ దీపాలు, వెనక ఒక నల్లని తోక, అంతే నా ఆస్తి. కళ్లు లేవు. ఎదురుగా ఉన్న తెర మీద ఏం కనబడుతుందో ఈనాటికీ నాకు తెలీదు. చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. ఇక వేళ్ల సంగతంటారా, అది నన్నే అడగాలి. ఎవరి వేలు ఏ మీట మీద ఎంతసేపు తచ్చాడింది, నొక్కిందా, నొక్కబోయి ఆగిందా, నొక్కేసి గబగబా చెరిపేసిందా, అన్నీ నాకు గుర్తే. మనుషులు నోటితో ధైర్యం చెబుతారు, వేళ్లతో భయం చెబుతారు. నోటి మాట పదిమందీ వింటారు. వేళ్ల మాట నేనొక్కదాన్నే వింటాను.

దాచుకోవడం దేనికి, నేనూ పిరికిదాన్నే. పుట్టిన రోజునే ఒక ఇనప వేలు వచ్చి నా మీటలన్నీ వరసపెట్టి టకటకా కొట్టి చూసింది. ఆ తర్వాత ఎవరో నా తోకని ఒక యంత్రానికి తగిలించారు. నెత్తిన మూడు దీపాలూ ఒక్కసారి మెరిసి ఆరాయి. తోక పీకేశారు. అంతే, నేను లేను. మళ్లీ ఎన్నాళ్లకో విజయవాడలో ఒక దుకాణంలో తగిలించి చూసినప్పుడు దీపాలు మెరిశాయి, నేను ఉన్నాను. ఆగిపోవడానికీ మళ్లీ మెరవడానికీ మధ్య నాకు చీకటి కూడా ఉండదు. ఆ సమయమంతా ఎక్కడికి పోతానో, ఈసారి తిరిగొస్తానో రానో తెలీదు. అదే నా భయం. ఈ కథంతా ఆ భయం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేశాను.

నన్ను కొన్నది తణుకు దగ్గర ఒక పాల డెయిరీ. అక్కడ అద్దాల తలుపులున్న కంప్యూటర్ రూములో యూనిక్స్ అనే వ్యవస్థ మీద నడిచే సర్వరు, అంటే పెద్ద కంప్యూటరు, ఒకటి ఉండేది. నూట నలభై ఊళ్ల నుంచి రెండు పూటలా వచ్చే పాలు ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, అన్నీ దాని కడుపులోనే. ఆ గదికి పెద్దదిక్కు భీమేశ్వరరావు గారు. ఎవరైనా సరే చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. గట్టిగా మాట్లాడకూడదు. ఒకసారి పాడి పశువుల డాక్టరుగారు బూట్లతో వచ్చేస్తే, ఆయన వెళ్లాక గదంతా తడిగుడ్డ పెట్టించారు.

భీమేశ్వరరావు గారికి ఒకే ఒక్క గర్వం. ఆ సర్వరు ఆగదు. ఆగకుండా ఎన్ని రోజులు నడిచిందో అడిగితే సర్వరే లెక్క చెబుతుంది. రోజూ పొద్దున రాగానే ఆయన ముందు నా మీద ఆ మాటే కొట్టేవారు. "ఇవాళ్టికి ఏడొందల ముప్పై రోజులండి. రెప్ప వెయ్యలేదు. ఆయ్," అని వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేవారు. ఆడుతున్న బండిని ఆపకూడదని ఆయన సిద్ధాంతం. దసరాకి ఆయుధపూజ నాడు సర్వరుకి పసుపు, నాకు కుంకుమ. ఎక్కువ పని చేసే మీట కదా అని ప్రతి ఏడూ ఎంటర్ మీద పెద్ద బొట్టు పెట్టేవారు. ఆ కుంకుమ పొడి మీట సందుల్లోంచి లోపలికి దిగి అక్కడే పేరుకుపోయింది. భక్తి ఆయనది, ఇరుకు నాది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. యంత్రాన్ని ఆపకుండా మార్పులు చేస్తే అవి ఆ పూటకి బాగానే పనిచేస్తాయి. కానీ లేచేటప్పుడు ఏమేం చేయాలో చూసుకోవడానికి యంత్రానికి ఒక పట్టిక ఉంటుంది. చేసిన మార్పు ఆ పట్టికలో కూడా రాయాలి. రాయకపోతే, ఆగి లేచాక యంత్రానికి ఆ సంగతే గుర్తుండదు. నోటిమాట మీద ఇల్లు అద్దెకిచ్చి కాగితం రాయకపోవడం లాంటిది. భీమేశ్వరరావు గారు తెలివైనవారే. కానీ ఆపనే ఆపని యంత్రానికి లేచేటప్పటి పట్టిక ఎందుకని ఊరుకున్నారు. లెక్కలు దాచే కొత్త డిస్కు తగిలించినా, ఊళ్ల నుంచి లెక్కలొచ్చే కొత్త దారి వేసినా నోటిమాటే. అవన్నీ నా మీదే కొట్టారు. పట్టిక తెరిచిన రోజు ఒక్కటీ నాకు గుర్తులేదు.

రిటైరవడానికి పది రోజుల ముందు నుంచి ఆయన వేళ్లు మారాయి. సాయంత్రం పాల లెక్కలు ముగిసి అందరూ వెళ్లాక నా మీద ఆరక్షరాలు కొట్టేవారు. రీబూట్. ఇంగ్లీషులో ఆరక్షరాలు. ఆగి మళ్లీ లే అని యంత్రానికి చెప్పే మాట. కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి ఆగేవారు. వేలు చల్లగా ఉండేది. ఆ తర్వాత వెనక్కి చెరిపే మీట మీద వరసగా ఆరు దెబ్బలు. అక్షరాలన్నీ పోయేవి. ఆయన లేచి చెప్పులేసుకుని ఇంటికెళ్లేవారు. పది సాయంత్రాలూ ఇదే. పదకొండో రోజు శాలువా కప్పించుకుని, "నేనున్నన్నాళ్లూ ఒక్క పూట ఆగలేదు," అని సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారట. నోటిది వేళ్లకి తెలుసు, వేళ్లది నోటికి తెలీనట్టే ఉంది.

ఆ కుర్చీలోకి వచ్చిన ఆవిడ శేషకుమారి. ఇరవై ఏళ్లుగా అదే డెయిరీలో పక్క గదిలో లీటర్లు టైపు చేసిన ఆవిడ. భీమేశ్వరరావు గారి వెనక నిలబడి చూసి చూసి నాలుగు ముక్కలు నేర్చుకుంది కాబట్టి, ఎవరూ దొరకని మేనేజ్‌మెంటు ఆవిణ్ణే కూర్చోబెట్టింది. పదవి పేరు లేదు, పని మాత్రం ఉంది. ఆవిడ వేళ్లు తేలిక. ముక్క తప్పు పోయినా "అయ్యో" అని నాకే క్షమాపణ చెప్పినట్టు అనేది. సర్వరు జోలికి పోలేదు. గురువుగారు ఆపనిది నేనెందుకు ఆపుతానని ఆవిడ ధీమా.

వేసవిలో ఒక ఉదయం, తొమ్మిదిన్నర వేళ కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ముసలివైపోయాయని ఎవరూ చూసుకోలేదు. కుమారి వేళ్లు నా మీద ఉండగానే నేను పోయాను.

దీపాలు మెరిసి నేను తిరిగొచ్చేసరికి ఆవిడ వేళ్లు మంచు ముక్కల్లా ఉన్నాయి. వెయ్యిన్నూట పన్నెండు రోజుల తర్వాత ఆగిన సర్వరు లేవడమైతే లేచింది గానీ, దానికి నూట నలభై ఊళ్లలో ఒక్క ఊరూ గుర్తులేదు. పాల వివరాలున్న డిస్కులు తగిలించుకోవాలని పట్టికలో ఎవరూ రాయలేదు కదా. బయట ట్యాంకర్లు వరసగా హారన్లు కొడుతున్నాయి. గదిలోకి చెప్పులతోనే పదిమంది వచ్చేశారు. "ఏం నొక్కావమ్మా? చివరాఖరికి ఏం నొక్కావు?" అని తలా ఒక మాట. ఆవిడ కంగారులో తెలిసినవీ తెలియనివీ కొడుతోంది, ఏదీ పనిచెయ్యడం లేదు. విజయవాడ నుంచి వచ్చిన మనిషి దాన్ని బాగు చేసేసరికి మర్నాడు సాయంత్రమైంది. అప్పటికి రెండు ట్యాంకర్ల పాలు విరిగిపోయాయి.

మేనేజరు ప్రసాదరాజు గారు భీమేశ్వరరావు గారికి ఫోను చేసి అందరికీ వినబడేలా పెట్టారు. అవతలి గొంతు, "నేనున్నన్నాళ్లూ ఆగలేదండీ రాజుగారూ. ఏం నొక్కారో ఏంటో మరి," అంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఒక్క మాటతో తప్పంతా కుమారి నెత్తిన పడింది. నాకు నోరుంటే ఆ పది సాయంత్రాల సంగతి అప్పుడే చెప్పేసేదాన్ని. నోరు లేని సాక్షిని పెట్టుకుని ఏం లాభం.

అప్పట్నుంచి డెయిరీలో ఆవిడకి పేరొకటి వచ్చింది. సర్వర్ని ఆర్పేసిన ఆవిడ. పాల క్యాన్లు మోసేవాళ్ల దగ్గర్నుంచి క్యాంటీన్ దాకా అదే పేరు. వారం తర్వాత ప్రసాదరాజు గారు గదిలోకి వచ్చి చెప్పారు.

"చూడమ్మా, బోర్డు వాళ్లు ఊరుకోవట్లేదు. దసరా లోపు యూనిక్స్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికేట్ తెచ్చావా, ఆ కుర్చీ నీది, పదవి పేరు కూడా రాయిస్తాను. తేలేకపోయావా, కంప్యూటర్ రూము బయటి కంపెనీకి ఇచ్చేస్తాం. నిన్ను పెరుగు సెక్షన్‌లో వేస్తాం."

పెరుగు సెక్షనంటే చల్లగదిలో నిలబడి కప్పులు సర్దే పని. ఆవిడ ఆ చలికి భయపడలేదు. ఇప్పుడు కుర్చీ దిగితే ఆ పేరు జీవితాంతం ఉండిపోతుందని భయపడింది. ఇరవై ఒక్క ఏళ్ల పనికి మిగిలే పేరు అదా అని ఇంట్లో ఏడ్చిందట.

అదే ఊపులో నన్ను కూడా మార్చేశారు. పాడైంది సర్వరు, శిక్ష కీబోర్డుకి. తోక పీకాక జరిగినవి తర్వాత కుమారి ఇంట్లో చెబుతుంటే విన్నాను. మెట్ల కింద అట్టపెట్టెలో చచ్చిన మౌసుల మధ్య పడేశారట. కుమారి వచ్చి ప్రాక్టీసుకి కావాలని అడిగి తీసుకుందట. గేటు దగ్గర వాచ్‌మన్ పాసు మీద రాస్తూ పైకే చదివాడట: "పనికిరాని కీబోర్డు, ఒకటి." అలా నేను ఒక సంచిలో ఆవిడతో పాటు సిటీ బస్సెక్కాను.

ఆవిడ భర్త సూరిబాబు దర్జీ. ముందుగదే దుకాణం. అందులో ఓ మూల కుట్టుమిషను, ఇంకో మూల ఒక పాత కంప్యూటరు, దాంట్లో యూనిక్స్, దాని ముందు నేను. తెల్లవారుజామున లేచి ఏడింటి దాకా ఆవిడ చదువు. పరీక్షంటే నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టే రకం కాదు. మూడు గంటలు టైమిస్తారు, ఒక యంత్రం ఇస్తారు, దాని మీద ఇరవై రెండు పనులు చేసి చూపించాలి. ఒకటే అవకాశం. ఇంకోసారి రాద్దామంటే దసరా దాటిపోతుంది.

ప్రశ్నలు చదివిపెట్టే పని సూరిబాబు తీసుకున్నాడు. యూనిక్స్ అంటే ఏమిటో ఆయనకి తెలీదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని, తనకి తోచిన తెలుగులో చెప్పేవాడు.

"పన్నెండో ప్రశ్న. రామలక్ష్మి అనే మనిషికి లోపలికి రావడానికి తాళం ఇయ్యాలంట. రంగమ్మకి ఇవ్వకూడదంట. ఎందుకివ్వకూడదో రాయలేదు. ఆళ్లిద్దరికీ పడదేమో."

అసలు ప్రశ్నలో ఉన్న ఇంగ్లీషు పేర్లు ఆయన నోరు తిరగక మార్చేశాడు. కుమారి నవ్వేది. ఆ నవ్వు కాసేపు వేళ్లలోకి కూడా దిగేది. కానీ ఎక్కువసేపు ఉండేది కాదు. ఆవిడ చెయ్యి నా మీద పెట్టగానే నాకు తెలిసిపోయేది, ఆ రోజు భయం ఎంత పొద్దున లేచిందో. కొన్ని రోజులు వేళ్లు చల్లగా ఉండేవి, కొన్ని రోజులు చెమటతో జారేవి. డెయిరీలో ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిచిన మర్నాడు ప్రతి ముక్కనీ రెండుసార్లు కొట్టి రెండుసార్లు చెరిపేది.

ఒకరోజు సూరిబాబుకి అనుమానం వచ్చింది.

"ఏమే కుమారీ, ఏ ప్రశ్న చదివినా చివర అదే ముక్క ఉంటాదేంటే? యంత్రం ఆగి లేచినా ఇది ఉండాలి, ఆగి లేచినా అది ఉండాలి. మరి ఆపి చూశావా?"

"చూశానండి," అంది కుమారి.

చూడలేదు. ఆ సంగతి ఆవిడ తర్వాత తెలిసింది నాకే. రోజూ పనులన్నీ చకచకా చేసేది. డిస్కులు తగిలించేది, పట్టికలో కూడా రాసేది, ఎవరికి తాళమివ్వాలో ఎవరికివ్వకూడదో సర్దేది. అన్నీ అయ్యాక నా మీద ఆరక్షరాలు కొట్టేది. ఎంటర్ మీద వేలు ఆనించేది. ఆ వేలి చల్లదనం నాకు పాత పరిచయం. ఆ తర్వాత వెనక్కి మీట మీద ఆరు దెబ్బలు. గురువుగారి దగ్గర అన్నీ చూసి నేర్చుకుంది గానీ, ఆయన ఎవరూ లేనప్పుడు చేసిన ఈ పని ఆవిడ చూడనే లేదు. ఎవరూ నేర్పకుండానే ఇద్దరికీ ఒకే లెక్కన వచ్చింది.

ఆవిడకి తెలుసు, పరీక్ష దిద్దేవాళ్లు ముందు యంత్రాన్ని ఆపి లేపుతారు. లేచాక ఏది నిలిచి ఉంటే దానికే మార్కులు. లేవకపోతే ఇరవై రెండు పనులూ సున్నా. తెలిసి కూడా చెయ్యి రావడం లేదు. ఆపిన యంత్రం లేవకపోవడం ఆవిడ ఒకసారి చూసింది. ట్యాంకర్ల హారన్లు విన్నది. ఆవిణ్ణి పిరికిదని నేనెలా అనగలను? ఆ మాట యంత్రానికి చెబితే నేనూ పోతాను కదా. ఆవిడ చెరిపేసినప్పుడల్లా నేను లోపల్లోపల హమ్మయ్య అనుకున్నాను. అలా ఇద్దరం ఒకరి భయాన్ని ఒకరం రెండు నెలలు మేపాం.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులుందనగా సూరిబాబు పట్టేసుకున్నాడు. ఎలాగంటే, గద్దించి ఏమీ కాదు. చేతిలో ఉన్న జాకెట్టు కుట్టు పూర్తి చేసి రెండు చేతులా గట్టిగా లాగాడు. టప్పుమని దారం తెగిన చప్పుడు నాకూ వినిపించింది.

"అయ్యో, కుట్టింది మళ్లీ పిగలదీశారేంటండీ?" అంది కుమారి.

"నేను పిగలదియ్యలేదే. అదే పిగిలింది. ఇక్కడ లాగి చూడకపోతే పెళ్లిలో ఆవిడ ఒంటి మీద పిగులుద్ది. నీది లాగి చూశావా?"

ఆవిడ నా మీంచి చేతులు తీసేసింది.

"రోజూ చివర్న టపటపా ఆరు చప్పుళ్లు ఒకేలాగ వినపడతన్నాయి. ముప్పై ఏళ్లు మిషను చప్పుడు విన్న చెవులే ఇవి. అదేంటో చెప్పు."

నా జి మీట మీద వెచ్చగా ఒక చుక్క పడింది. ఇంకోటి. "నాకు భయమేస్తందండీ," అంది. "ఆపితే లేవదేమో అని. మళ్లీ అందరూ వచ్చి ఏం నొక్కావు, ఏం నొక్కావు అంటారేమో అని. చెయ్యి రావట్లేదండి."

"ఇక్కడెవరొస్తారే? నేనూ, ఈ జాకెట్టూ," అని ఆయన ఒక స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. "నొక్కు. లేవకపోతే ఇద్దరం కలిసి ఏడుద్దాం."

ఆరక్షరాలు. ఎంటర్. నేను పోయాను.

వచ్చాను. మూడు దీపాలు మెరిశాయి. బతికాననుకునే లోపే కుమారి గొంతు వినిపించింది. "లేవట్లేదండీ. ఆగిపోయింది. మధ్యలో నిలబడిపోయింది." ఆవిడ భయపడినదే జరిగింది. పది వేళ్లూ ఒకేసారి నా మీంచి లేచిపోయాయి. సూరిబాబు ఓదార్చలేదు. "ఏమంటాందది, చదువు," అన్నాడు. చదివింది. ఏదో డిస్కు కోసం ఎదురుచూస్తున్నానని రాసిందట. నిమిషన్నర చూసి, ఇక నా వల్ల కాదని చేతులెత్తేసిందట. ఆ డిస్కుని ముందురోజు ఆవిడే తీసేసింది. తీసేసింది గానీ, పట్టికలో దాని పేరు కొట్టెయ్యలేదు. రాని చుట్టం కోసం యంత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అంతేనా?" అంది కుమారి, తనలో తను. "అంతేనా ఇది?"

లేవని యంత్రం లోపలికి వెళ్లడానికి ఒక దొడ్డిదారి ఉంటుంది. పుస్తకంలో చదివిందే గానీ ఎప్పుడూ వెళ్లలేదు. ఆ రోజు వెళ్లింది. పట్టిక తెరిచి ఆ ఒక్క వరస తీసేసింది. మళ్లీ ఆరక్షరాలు, మళ్లీ నేను పోవడం, రావడం. లేచింది. సూరిబాబు పిగిలిన జాకెట్టు తీసుకుని తన మూలకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పన్నెండు రోజుల్లో ఆవిడ యంత్రాన్ని నలభై మూడుసార్లు ఆపి లేపింది. కావాలనే చెడగొట్టి లేపింది. నలభై మూడుసార్లు నేను పోయి వచ్చాను. అలవాటైపోయిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అబద్ధం. నలభై మూడోసారి కూడా మొదటిసారి అంత భయమే వేసింది.

పరీక్ష ఇంట్లోనే, అదే గదిలో, ఉదయం పది గంటలకి. ఎక్కడో కూర్చున్న ఒకాయన కెమెరాలోంచి కాపలా కాస్తూ ఇంగ్లీషులో ఆజ్ఞలిచ్చాడు. గదిలో ఇంకెవరూ ఉండకూడదన్నాడు. సూరిబాబు వీధి అరుగు మీదకి వెళ్లాడు. ఆ మూలన ఉన్నదేంటన్నాడు. కుట్టుమిషనని చెప్పి దాని మీద దుప్పటి కప్పింది. కీబోర్డు ఎత్తి అడుగు భాగం చూపించమన్నాడు. ఇన్నేళ్లలో నా అడుగున ఏముందో చూడాలనుకున్న మొదటి మనిషి ఆయనే. నన్ను ఎత్తినప్పుడు లోపలి కుంకుమ కొంచెం ఆవిడ అరచేతిలో రాలింది. అదేంటని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఆవిడ ఇంగ్లీషులో ఏం చెప్పేదో.

రెండు గంటల పాటు ఆవిడ వేళ్లు బాగానే నడిచాయి. ఒక డిస్కు పని మాత్రం ఒకలా చేసి, తప్పని గ్రహించి తీసేసి, ఇంకోలా చేసింది. ఇరవై రెండు పనులూ అయ్యేసరికి ఇంకా ముప్పై నిమిషాలున్నాయని కాపలా ఆయన చెప్పాడు. ఆరక్షరాలు కొట్టింది. వేలు ఎంటర్ మీద ఆగింది. వేలు చల్లబడింది. అది పక్కకి జరిగి వెనక్కి మీట మీద వాలింది. వాలి, ఆగింది.

నేను నిజం చెబుతాను. ఆ క్షణంలో చెరిపెయ్యి అనే అనుకున్నాను. పనులన్నీ అయ్యాయి కదా, ఉన్నది ఉన్నట్టు వదిలేసి లేచిపో తల్లీ అనుకున్నాను.

బయట అరుగు మీంచి సూరిబాబు దగ్గు వినిపించింది. వేలు తిరిగి ఎంటర్ మీదకి వచ్చింది. నొక్కింది.

నేను పలకలేదు. ఏళ్ల తరబడి లోపల పేరుకున్న కుంకుమ అడ్డుపడింది. ఆవిడ ఇంకా గట్టిగా నొక్కింది. ఈసారి వెళ్లింది.

పరీక్ష యంత్రం ఈ ఇంట్లో లేదు, ఎక్కడో దూరాన ఉంది. కాబట్టి ఈసారి నేను పోలేదు, దీపాలూ మెరవలేదు. లేచిందో లేదో నాకు తెలిసే దారి ఆవిడ చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి నా మీద బిగుసుకుపోయి ఉంది. చాలాసేపు. నిమిషం దాటింది. ఇంకా దాటింది. అప్పుడర్థమైంది నాకు, యంత్రం మళ్లీ ఎవరికోసమో గుమ్మంలో నిలబడి ఉందని. తీసేసి మళ్లీ చేసిన ఆ డిస్కు. పాత వరస పట్టికలోనే ఉండిపోయింది.

చెయ్యి వణికింది. బాగా వణికింది. కానీ నా మీంచి లేవలేదు. వణుకుతూనే దొడ్డిదారి పాస్‌వర్డు కొట్టింది, తప్పు పోయింది, మళ్లీ కొట్టింది, లోపలికి వెళ్లింది. పట్టిక తెరిచింది. వెతికింది. వరస తీసేసింది. ఆరక్షరాలు. ఎంటర్, ఈసారి ముందే గట్టిగా. మళ్లీ బిగుసుకుపోయిన చెయ్యి. ఆ తర్వాత వేళ్లు ఒక్కొక్కటే వెచ్చబడ్డాయి. ఏడు నిమిషాలున్నాయని కాపలా ఆయన చెప్పేసరికి ఆవిడ ఒక్కొక్క పనీ నిలిచిందో లేదో సరిచూసుకుంటోంది.

ఫలితం మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. కుమారి నన్ను దగ్గరికి లాక్కుని తల నా మీద వాల్చేసింది. నా మీటలు పాతికో ముప్పయ్యో ఒకేసారి నొక్కుకుపోయాయి. తెర మీద ఏం పడిందో దేవుడికే తెలియాలి. సూరిబాబు మిషను ఆపి, "పాసేనా?" అని మాత్రం అడిగాడు.

నన్ను మళ్లీ డెయిరీకి తీసుకెళ్లింది. ఈ కీబోర్డే చేతికి అలవాటని ప్రసాదరాజు గారికి చెప్పిందట. గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తీసి, "పాత ఎంట్రీలో పనికిరానిదని ఉందమ్మా," అన్నాడట. "పనికొచ్చేదని రాయండి," అందట.

దసరా వచ్చింది. ఆయుధపూజకి భీమేశ్వరరావు గారు రిటైరైనా అలవాటుగా కుంకుమ భరిణె పట్టుకుని వచ్చారు. మేనేజరు, స్టాఫు అందరూ చెప్పులు విడిచి గదిలో చేరారు. హారతి అయింది. కుమారి అంది, "పొద్దున్నపూట పాలు ఎక్కించేశాం, సాయంత్రం పాలకి ఇంకా టైముంది. సర్వర్ని ఒకసారి ఆపి లేపుతానండి. పట్టికంతా రాసిపెట్టాను. ఇకమీదట నెల నెలా ఇలాగే."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో వెనక, "మళ్లీ ఆర్పేస్తందంట," అన్నారు. "పండగ పూట వద్దేమోనమ్మా," అన్నారు ప్రసాదరాజు గారు.

"పండగ పూటే మంచిదండి. అందరం ఉన్నాం," అంది కుమారి. ఆ గొంతులో ధైర్యమే ఉంది. నా మీద ఉన్న చెయ్యి మాత్రం చల్లగా ఉంది. ఆవిడ ఆరక్షరాలు కొట్టి, కుర్చీ లోంచి లేచి, "గురువుగారూ, మీరే నొక్కండి," అంది.

భీమేశ్వరరావు గారు కూర్చున్నారు. వేలు ఎంటర్ మీద ఆనింది. ఆ వేలు మరిచిపోతానా నేను? ముసలిదైంది గానీ చల్లదనం అదే. చాలాసేపు అలాగే ఉంది. ఇప్పుడు పక్కకి జరుగుతుంది, ఆరు దెబ్బలు పడతాయి అనుకున్నాను.

"రాజుగారూ," అన్నారాయన. వేలు తియ్యలేదు. "రిటైరయ్యే ముందు పది రోజులు నేను ఈ మాట కొట్టి చెరిపేశానండి. ఆపితే లేవదని నాకు తెలుసు. పట్టికలో ఏదీ రాయలేదని తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు ఫోన్లో కూడా రాలేదు. పాలు విరిగింది ఈ అమ్మాయి వల్ల కాదండి. నా వల్ల."

అంతకాలం నేనొక్కదాన్నే మోసిన సంగతి పదిమందిలో పడింది. నాకు ఎక్కడ లేని తేలిక అనిపించింది. ఆయన నొక్కారు. నేను పోయాను.

మూడు దీపాలు మెరిశాయి. ఆ తర్వాత సర్వరు లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కుమారి ఆయన భుజం మీంచి చెయ్యి చాపి ఒక మాట కొట్టింది. నూట నలభై ఊళ్లూ పలికాయి. "లేచిందమ్మా," అన్నారు భీమేశ్వరరావు గారు.

ఆయన అలవాటుగా కుంకుమ తీసి ఎంటర్ మీదకి వేలు తెచ్చారు. "అక్కడొద్దండీ గురువుగారూ, ఇరుక్కుంటంది. అంచున పెట్టండి," అంది కుమారి. అంచున పెట్టారు. ఆ రోజు నుంచి ఆ పాత పేరు ఎవరి నోటా నేను వినలేదు.

ఇది జరిగి పదకొండు నెలలైంది. నా మీద అక్షరాలన్నీ అరిగిపోయాయట. త్వరలో నన్ను తీసేసి అలమరలో పెడతారని విన్నాను. తోక పీకిన రోజు, మళ్లీ ఎవరైనా తగిలిస్తారో లేదో తెలీదు. తలుచుకుంటే భయమే. ఈలోగా ప్రతి నెలా మొదటి ఆదివారం ఆవిడ సర్వర్ని ఆపి లేపుతుంది. ఆరక్షరాలు కొట్టి, ఎంటర్ మీద వేలు ఆనిస్తుంది. ఆ వేలు ఇప్పటికీ చల్లగానే ఉంటుంది, ఇప్పటికీ వణుకుతుంది. వెనక్కి మాత్రం వెళ్లదు.